అన్నంలా ఉబ్బే సిలికాన్

జగదాంబ సెంటర్ దగ్గర ఒక రిపేరు షాపులో నా ఇయర్‌బడ్ విప్పించాను. కుర్రాడు పట్టకారుతో బఠాణీ గింజంత బ్యాటరీని పైకి తీసి, "ఉబ్బిపోయింది సార్, ఇంక ఛార్జింగ్ నిలవదు" అన్నాడు. ఆ ఉబ్బు లోపల పుట్టిన గ్యాస్‌ది. నేను చెప్పబోయే ఉబ్బు వేరు.

ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం వెళ్లి చేరే చోటు ఆనోడ్. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ ఆ చోటు ఎక్కువగా కార్బన్‌దే. ఇప్పుడు వాడే గ్రాఫైట్‌లో ఒక్క లిథియం ఉండటానికి ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. సిలికాన్‌లోనైతే నాలుగు పరమాణువులే పదిహేను లిథియంలను పట్టుకుంటాయి. గ్రాము గ్రాఫైట్‌లో 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జ్ పడితే, గ్రాము సిలికాన్‌లో సుమారు 3,580. ఆర్కే బీచ్‌లో కాళ్లకు అంటుకునే క్వార్ట్జ్ రేణువుల్లో ఉండేదీ ఈ సిలికానే, ఆక్సిజన్‌తో కలిసి.

మరి ఎందుకు వాడేయరు? గిన్నెడు బియ్యం మూడు గిన్నెల అన్నమవుతుంది కదా, లిథియం నిండిన సిలికాన్ దాదాపు నాలుగింతలవుతుంది. అన్నం అక్కడితో ఆగుతుంది. సిలికాన్ మాత్రం ఛార్జింగ్ దిగేసరికి మళ్లీ బియ్యం కావాలి, ఎక్కితే మళ్లీ అన్నం. వందలసార్లు ఇలా చేస్తే ఏదైనా పగులుతుంది. పగిలిన ప్రతిచోటా ఎలక్ట్రోలైట్, అంటే లిథియం అటూ ఇటూ తిరిగే ద్రవం, తగిలి కొత్త పొర కడుతుంది. ఆ పొర మింగిన లిథియం ఇక తిరిగి రాదు.

రేణువు చిన్నదైతే పగలదు. సుమారు 150 నానోమీటర్ల కన్నా చిన్న రేణువులు తొలి ఛార్జింగ్‌లో ఉబ్బినా చీలవని 2012లో ప్రయోగాల్లో చూశారు. కారు బ్యాటరీకి అలాంటి పొడి కిలోల కొద్దీ చేయాలి, ఖర్చు. చిప్ పక్కన కూర్చునే బుల్లి బ్యాటరీకి పలుచని పూత చాలు. అందుకే సిలికాన్‌కు కారు కన్నా చెవే నప్పుతుందని నాకనిపిస్తుంది. 2021లో వూప్ కంపెనీ అమ్మే, నిద్రనూ వ్యాయామాన్నీ లెక్కగట్టే చేతి పట్టీలోకి సిలికాన్ ఆనోడ్ వచ్చేసింది కూడా.

చిప్ బోర్డులది ఇంకో బాధ. టంకం కరిగించడానికి బోర్డును దాదాపు 250 డిగ్రీల కొలిమిలోంచి పంపుతారు. ఘన ఎలక్ట్రోలైట్‌తో చేసే పలుచటి బ్యాటరీల్లో ఆనోడ్‌గా లిథియం లోహాన్నే పెడితే 180 డిగ్రీలకే కరిగిపోతుంది. సిలికాన్‌కు ఆ వేడి లెక్కే కాదు.

అయితే చిప్ కూడా సిలికానే. ఆనోడ్ ఏదో, చిప్ ఏదో లిథియానికి తెలియదు, రెండింట్లోకీ దూరిపోతుంది. అందుకని మధ్యలో టైటానియం నైట్రైడ్ లాంటి పొరతో గోడ కడతారు.