వాలిన పళ్లెం మీద తొమ్మిది పిస్టన్లు

విశాఖ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, పొక్లెయిన్ నుంచి ఊడదీసిన హైడ్రాలిక్ పంపును, అంటే నూనెను తోసి యంత్రపు చేతిని కదిలించే పంపును, విప్పి బల్ల మీద పరిచినప్పుడు ముందుగా కంటబడేది రివాల్వర్‌లో తూటాల చక్రంలాంటి సిలిండర్ బ్లాకు. దాని చుట్టూ తొమ్మిది రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో పిస్టను. అవన్నీ షాఫ్టుకు సమాంతరంగా ఉంటాయి కనుకనే దీనికి యాక్సియల్ పిస్టన్ పంపు అని పేరు.

బ్లాకూ పిస్టన్లూ షాఫ్టుతో కలిసి తిరుగుతాయి గాని, పిస్టన్ల కాళ్లు ఆనే స్వాష్ ప్లేటు అనే పళ్లెం తిరగదు, ఓరగా వాలి ఉంటుంది. కైలాసగిరి వాలు మీద గుండ్రంగా నడిచేవాడు సగం చుట్టు ఎక్కి, సగం చుట్టు దిగినట్టే, ప్రతి పిస్టనూ సగం చుట్టులో వెనక్కి జరిగి నూనెను పీల్చుకుంటుంది, తక్కిన సగంలో ముందుకు జరిగి దాన్ని తోసేస్తుంది. బ్లాకు వెనుక ఉండే వాల్వ్ ప్లేటులో జీడిపప్పు ఆకారపు కంతలు రెండు వైపులా ఉంటాయి. ఒక వైపుది పీల్చుకోవడానికి, రెండో వైపుది పంపడానికి. పిస్టన్ల సంఖ్య సాధారణంగా 7 గాని 9 గాని, అంటే బేసి; సరిసంఖ్యతో పోలిస్తే ప్రవాహంలో ఎగుడుదిగుడులు బాగా తగ్గుతాయి.

అసలు చమత్కారమంతా ఆ వాలులోనే ఉంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం గల తొమ్మిది పిస్టన్లు 80 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం మీద అమరి ఉన్నాయనుకుందాం. వాలు 15 డిగ్రీలైతే ఒక్కో పిస్టను సుమారు 21 మిల్లీమీటర్లు కదులుతుంది, చుట్టుకు దాదాపు 60 ఘన సెంటీమీటర్ల నూనె, అంటే నిమిషానికి 1500 చుట్లకు సుమారు 90 లీటర్లు వస్తుంది. వాలును సగం చేస్తే, ఇంజను వేగం మారకుండానే నూనె సగానికి కాస్త తక్కువవుతుంది.

పంపే ఒత్తిడిని పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఇచ్చేది ప్రవాహం, ఒత్తిడి ఎదురొచ్చే బరువును బట్టి పెరుగుతుంది. బకెట్ రాయికి తగిలి ఆగిపోతే ఒత్తిడి నిర్ణీత హద్దు దాటబోతుంది. అప్పుడు ఆ హద్దును కాచే కంపెన్సేటర్‌లోని చిన్న స్పూలు, అంటే జారే కడ్డీ, స్ప్రింగును నొక్కుతూ జరిగి కంట్రోల్ పిస్టనుకు నూనె వదులుతుంది, అది ప్లేటు వాలును తగ్గించి నిటారుకు తెస్తుంది. ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది, ప్రవాహం మాత్రం లీకులకు సరిపడేంతకు తగ్గుతుంది. వాలు మారని పంపయితే ఆ నూనెంతా, ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు గుండా ట్యాంకుకు చేరి వట్టి వేడిగా మారేది.

అయితే ఇంత ఒత్తిడిలో పిస్టను కాళ్లు ప్లేటు మీద అరిగిపోకుండా ఎలా జారుతున్నాయి? ప్రతి పిస్టను చివరా కంచులాంటి మెత్తని లోహపు పాదరక్ష ఉంటుంది. పిస్టను మధ్యలోని సన్నని రంధ్రం గుండా ఒత్తిడిగల నూనె దాని కిందికి చేరి, కొన్ని మైక్రాన్ల మందం గల పొరగా దాన్ని తేలుస్తుంది. మన వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు. అందుకే కంటికి కనబడని ధూళి కూడా అక్కడ ఆకురాయిలా పనిచేస్తుంది. సముద్రతీరంలో ఇంకో బాధ కూడా ఉంది: ట్యాంకుకు గాలి ఆడే బ్రీదర్ గుండా చొరబడిన తేమ చల్లబడి నీరైతే నూనె పాలరంగుకు తిరిగి, ఆ పొర పలచబడుతుంది.

ఆ షెడ్డులో మేస్త్రీ చేతికిచ్చిన పాదరక్ష మీద గోటికి తగిలేంత గీతలున్నాయి. అయితే పంపు విప్పకముందే ఆయనకు సంగతి తెలుసు. లోపలి లీకు నూనెను ట్యాంకుకు చేర్చే డ్రెయిన్ గొట్టాన్ని ఊడదీసి, గడియారం చూస్తూ ఒక డబ్బాలో పట్టాడు. రావలసినదానికంటే ఎంతో ముందే డబ్బా నిండింది.