ఫలితాలు వెలువడే ఆ పది నిమిషాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

పదో తరగతి ఫలితాలు చూపే వెబ్‌సైటుకు ఎంత బ్యాండ్‌విడ్త్ (ఇంటర్నెట్ లైను సెకనుకు మోయగల డేటా) కావాలో ఎలా తేల్చాలని అడిగారు కదా. కాగితం, పెన్ను తీసుకోండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

5 లక్షల మంది పరీక్ష రాశారనుకుందాం. రాసినవారు ఒకసారి, ఇంట్లోవాళ్లు ఒకసారి చూసినా పేజీ 10 లక్షల సార్లు తెరుచుకుంటుంది. బోర్డు చిహ్నం, పెద్దల ఫొటోలు (మార్కుల పేజీలో అవెందుకో నాకు అర్థం కాదు) అన్నీ కలిపి పేజీ బరువు 1.5 మెగాబైట్లు అనుకోండి. రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే సెకనుకు 12 పేజీలు కూడా లేవు, సుమారు 17 మెగాబైట్లు. ఫైళ్లను బైట్లలో కొలుస్తాం, లైను వేగాన్ని బిట్లలో చెబుతారు. బైటుకు 8 బిట్లు కాబట్టి సెకనుకు దాదాపు 140 మెగాబిట్లు.

ఈ సగటును నమ్మితే మునిగినట్టే. పెళ్లిలో వడ్డనకు మనుషులను పెట్టేటప్పుడు బంతికి ఎందరు కూర్చుంటారని చూస్తారే గానీ, రోజంతా గంటకు సగటున ఎందరు తింటారని ఎవరూ లెక్కించరు. ఫలితాలు 11 గంటలకు అని చెబితే 10:59కే అందరి చేతుల్లో ఫోన్లుంటాయి. మొత్తంలో సగం మొదటి 10 నిమిషాల్లోనే పడితే, 600 సెకన్లలో 5 లక్షల పేజీలు, అంటే సెకనుకు 833. దాన్ని 1.5తో, 8తో గుణించండి: 10,000 మెగాబిట్లు! ఇందాకటికి 70 రెట్లు. పైగా పేజీ రాకపోతే ఎవరూ ఊరుకోరు, మళ్లీ మళ్లీ నొక్కుతారు. సగం వచ్చి ఆగిపోయిన పేజీ కూడా లైనును తిన్నదే.

నేనైతే 10 గిగాబిట్ల (అంటే ఆ 10,000 మెగాబిట్ల) లైను కోసం పరుగెత్తను. ముందు పేజీ బరువు తగ్గిస్తాను. మార్కులంటే నాలుగు వరుసల అక్షరాలు, జిప్ చేస్తే ఇంకా చిక్కిపోతాయి. జేపెగ్ ఫొటోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటికి జిప్ పనిచేయదు, తీసేయడమే మందు. పేజీని 60 కిలోబైట్లకు తెస్తే అదే రద్దీకి 400 మెగాబిట్లు చాలు. లైను నిండా పారితే ప్యాకెట్లు (డేటాను కోసి పంపే చిన్న ముక్కలు) పడిపోయి మళ్లీ పంపాల్సి వస్తుంది కనుక కాస్త ఖాళీ ఉంచి 600 తీసుకోండి. చిహ్నాల వంటివి సీడీఎన్‌కు (ఫైళ్ల కాపీలను పలుచోట్ల ఉంచి మన బదులు అందించే సర్వర్ల వ్యవస్థకు) అప్పగిస్తే మీ లైనుకు ఆ భారమూ తగ్గుతుంది. ప్రకటించాక మార్కులు దాదాపు మారవు కాబట్టి ఆ పేజీలను ముందే తయారుచేసి ఉంచవచ్చు. అప్పుడు డేటాబేసు కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

పేజీ బరువును మాత్రం ఊహించకండి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, క్యాష్ (బ్రౌజర్ ముందే దాచుకున్న కాపీల వాడకం) ఆపి, నెట్‌వర్క్ విభాగంలో మొత్తం ఎంతో చూడండి. మొదటి 10 నిమిషాల్లో సగం అన్నది నా అంచనా. నిరుటి సర్వర్ లాగ్ (ఏ పేజీ ఎప్పుడు వెళ్లిందో సర్వర్ రాసుకునే చిట్టా) సంపాదించి, 11 నుంచి 11:10 వరకు నిమిషానికి ఎన్ని పేజీలు వెళ్లాయో లెక్కగట్టి నాకు రాయండి. అప్పుడు ఈ అంకెలు మళ్లీ వేద్దాం.

మీ తాతయ్య