గంధం బొట్టుకి ఆగిన బండి: పవర్ ఎస్‌యూవీల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన దసరా ముందు పటమట నుంచి ఒకాయన ఫోన్ చేశారు. బండి తెచ్చి మూడు రోజులే అయింది, స్క్రీన్ మీద ఏదో వార్నింగ్ వస్తోంది, క్రూయిజ్ కంట్రోల్ పనిచేయడం లేదు, ఇంత డబ్బు పోసి కొంటే ఇదేం ఖర్మ అని ఒకటే టెన్షన్. షెడ్డుకి తెమ్మన్నాను. బండి మొహం చూడగానే సంగతి అర్థమైంది. దుర్గ గుడి దగ్గర వాహన పూజ చేయించుకుని వచ్చారు. ముందున్న లోగో నిండా మందంగా గంధం, దాని మీద కుంకుమ, పైన బంతిపూల దండ. ముందు వెళ్లే బండి దూరాన్ని కొలిచి క్రూయిజ్ కంట్రోల్‌కి చెప్పే రాడార్ ఆ బండికి ఉండేది సరిగ్గా ఆ లోగో వెనకే. తడిబట్టతో తుడిచి, దండ పక్కకి జరిపాను. అంతే. మూడున్నర వందల గుర్రాల బండిని ఒక గంధం బొట్టు ఆపేసింది. డబ్బులు తీసుకోలేదు, లడ్డూ ప్రసాదం మాత్రం తీసుకున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌గా నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. లారీల దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టాను, ఇప్పుడు నా షెడ్డుకి ఎక్కువగా వచ్చేవి బీఎండబ్ల్యూ ఎక్స్5, పోర్షే కయెన్, ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్ఈ, రేంజ్ రోవర్ స్పోర్ట్ లాంటివి. పిల్లల్ని స్కూల్లో దింపడానికీ, అత్తగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికీ, సంక్రాంతికి ఊరెళ్లడానికీ వాడే బండ్లే. బానెట్ కింద మాత్రం స్పోర్ట్స్ కారుకి పెట్టాల్సిన ఇంజిను. వీటి విషయంలో జనం భయపడేది ఒకటి, నా దగ్గరికి వచ్చే జబ్బు ఇంకొకటి. స్పీడుగా తోలితే పాడైపోతుందని భయం. నేను చూసినంతలో ఈ బండ్లను తినేది స్పీడు కాదు. దాని బరువు, మన ఎండ, రోజూ గుక్కెడు దూరాలు తిప్పడం. కింద చెప్పేవి చాలావరకు ఈ మూడింటి చుట్టూ తిరిగేవే.

అపోహ: ఊళ్లో నెమ్మదిగా తిప్పుకుంటే బండి పదికాలాలు ఉంటుంది

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి. ఆరు సిలిండర్ల డీజిల్ బండి. ఇంటి నుంచి యార్డుకి మూడు కిలోమీటర్లు, యార్డు నుంచి ఇంటికి మూడు. పద్నాలుగు నెలల్లో ఆరు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, బండి అద్దంలా ఉంది. ఒకరోజు స్క్రీన్ మీద ఆయిల్ ఎక్కువైందని వచ్చింది. సర్వీసులో ఎక్కువ పోశారేమోనని గొడవకి సిద్ధమయ్యారు. ఎవరూ పోయలేదు, అది దానంతటదే పెరిగింది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డీపీఎఫ్ అంటాం. మసి నిండాక దాన్ని బండే కాల్చుకోవాలి. అందుకు ఫిల్టర్ లోపల ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజిను కాస్త ఎక్కువ డీజిల్ పోసుకుంటుంది. హైవే మీద పోతుంటే ఇరవై నిమిషాల్లో పని పూర్తవుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. మూడు కిలోమీటర్లకే ఇంజిను కట్టేస్తే పని సగంలో ఆగుతుంది. రేపు మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందకి జారి ఆయిల్లో కలుస్తుంది. లెవల్ పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. ఇంజినులోకి గాలిని నెట్టడానికి నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరిగే టర్బో బేరింగు ఆ ఆయిల్ మీదే బతకాలి.

ఆయిల్ మార్చి, వారానికోసారి చిలకలూరిపేట దాకా ఆగకుండా వెళ్లి రమ్మన్నాను. "డీజిల్ తగలెయ్యడానికి మళ్లీ డీజిల్ పొయ్యాలా?" అన్నారు. అవునండీ అన్నాను. ఇప్పుడు ఆదివారాలు కుటుంబంతో కోటప్పకొండ వెళ్లొస్తున్నారు. బండికీ మంచిదే, ఇంట్లోవాళ్లకీ మంచిదే.

పెట్రోలు ఇంజినుకి జబ్బు వేరే రకం. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కొట్టే ఇంజిన్లలో లోపలికి గాలి వెళ్లే వాల్వులను కడిగే పెట్రోలు ఉండదు, వాటి మీద మెల్లగా మసి పేరుకుంటుంది. కంపెనీ పుస్తకంలో ఆయిల్‌కి 15,000 కిలోమీటర్లు అని ఉన్నా, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మే నెలంతా నలిగే బండికి 8,000కే మార్చమంటాను. ఏడాదిలో అంత తిరగకపోయినా సరే, ఏడాదికొకసారి మార్చాల్సిందే. ఇంజినుకి కిలోమీటర్ల లెక్క ఒక్కటే కాదు, గంటల లెక్క కూడా ఉంటుంది.

అపోహ: నాలుగు చక్రాలకీ పవర్ వస్తుంది, వానలోనూ పట్టు తప్పదు

ఇది ప్రమాదకరమైన నమ్మకం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఆల్ వీల్ డ్రైవ్ బండిని ముందుకు తోయడానికి. ఆపడానికి కాదు. బ్రేకులు మామూలు చిన్న కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, ఇందులో మీకు అదనంగా వచ్చేదేమీ లేదు. తడి రోడ్డు మీద ఇది జారకుండా ఊపందుకుంటుంది కాబట్టి రోడ్డు బాగుందనుకుంటారు. అసలు సంగతి బ్రేకు తొక్కినప్పుడు గానీ తెలియదు.

లెక్క వేద్దాం. 1,100 కిలోల చిన్న కారు 80లో వెళుతోంది. 2,200 కిలోల మీ బండి 120లో వెళుతోంది. బరువు రెండింతలు. వేగం ఒకటిన్నర రెట్లు, కానీ లెక్కలోకి వచ్చేది వేగం వర్గం కాబట్టి రెండుంపావు రెట్లు. రెండూ కలిపితే ఆ చిన్న కారు బ్రేకులు మింగే వేడికి నాలుగున్నర రెట్లు మీ బ్రేకులు మింగాలి. అందుకే డిస్కులు అంత పెద్దవి, ప్యాడ్లు అంత ఖరీదు. 120లో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. కాజ టోల్ దాటాక లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కు కనబడి, మీ కాలు బ్రేకు మీదకి వచ్చేలోపే ఆ 33 మీటర్లు అయిపోతాయి. లోపల చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు, 120 అంటే 70లా అనిపిస్తుంది. ఈ బండిలో నాకు నచ్చనిది ఏమైనా ఉందంటే ఆ నిశ్శబ్దమే.

శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకండి. స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిల్స్ ఉన్నది రేసుల కోసమే అనుకోవద్దు, గేరు తగ్గించి ఇంజినుతో బండిని పట్టండి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ ఉన్న ఆయిల్ ఘాట్‌లో మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

అపోహ: టైరు సైజు కలిస్తే చాలు

చాలదు. ఎక్స్5లో 21 అంగుళాల చక్రాలుంటే ముందు 275/40, వెనక 315/35 ఉంటాయి, అంటే వెనకవి ఎక్కువ వెడల్పు. ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి అరుగుదల సమం చేసే పాత పద్ధతి ఇక్కడ కుదరదు. పైగా ఒక టైరు పేలిందని ఒకటే కొత్తది వేస్తే, అరిగిన టైరుకీ కొత్తదానికీ చుట్టుకొలత తేడా వస్తుంది. ఆ తేడాని ముందూ వెనకా పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు రోజంతా మోస్తూ వేడెక్కుతుంది. జత మార్చాల్సిందే అంటే డబ్బులు గుంజుతున్నానని అనుకుంటారు. టైరు డబ్బు, ట్రాన్స్‌ఫర్ కేసు డబ్బు పక్కపక్కన రాసి చూపించాక ఒప్పుకుంటారు.

ఎండాకాలం గాలి తగ్గించి కొట్టమని అడిగేవాళ్లు రోజుకి ఒకరైనా ఉంటారు. తప్పు. గాలి తగ్గితే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, ఈ బరువు కింద పేలేది అదే. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు డోరు పక్క స్టిక్కర్ మీద రాసినంత కొట్టండి. తర్వాత ప్రతి ఐదారు డిగ్రీల వేడికి ఒక పాయింట్ చొప్పున పెరుగుతుంది, అది లెక్కలోనిదే, మధ్యాహ్నం ఆపి తీసేయకండి. నైట్రోజన్ సంగతి అడుగుతారు: మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

చాలా వాటికి స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైరు పంచరైతే 80 స్పీడు దాటకుండా 80 కిలోమీటర్లు పోనిస్తుంది. హైదరాబాద్ రోడ్డు మీద అర్ధరాత్రి ఆ 80 కిలోమీటర్లలో ఈ సైజు టైరు దొరకదు, గుర్తుంచుకోండి.

అపోహ: 100 ఆక్టేన్ పోస్తే పికప్ పెరుగుతుంది

ఆక్టేన్ అంటే పెట్రోలు ఇంజినులో ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం. పెట్రోలు మూత లోపల అది ఎంత కావాలో రాసి ఉంటుంది. 95 అని ఉంటే అంతకు తగ్గకుండా పోయించండి. అంతకు తక్కువ పోస్తే, అలా ముందే అంటుకోవడాన్ని నాక్ సెన్సర్ కనిపెట్టి ఇంజినుని కాస్త అణిచి నడుపుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ అణుస్తుంది. రాసినదానికన్నా ఎక్కువ పోస్తే తేడా కనబడేది బంకు బిల్లులోనే. బంకుల్లో ఇప్పుడు వచ్చే ఈ20లో ఐదో వంతు ఇథనాల్. దాని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ కొంచెం పడుతుంది. పాత బండైతే ఈ20కి సరిపోతుందా లేదా అనేది కూడా ఆ మూత మీదా, మాన్యువల్‌లోనూ చూడండి.

రీమ్యాప్, అంటే ఇంజిను కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చేయొద్దు. వారంటీ పోతుంది, బీమా దగ్గర మాట పడుతుంది, గేరుబాక్సు తట్టుకోగల టార్క్ (తిప్పే బలం) దాటుతుంది. బందరు రోడ్డు మీద ఉన్న పవరే వాడలేకపోతున్నాం.

అపోహ: అంత ఎత్తు బండి, నీళ్లలో పోదా?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఆటోనగర్‌కి వరసగా వచ్చిన బండ్లలో ఎత్తు బండ్లు తక్కువేమీ లేవు. మాన్యువల్‌లో రాసిన లోతు కదలని నీళ్లకి, అదీ నడక వేగంతో వెళితే. ఎదురుగా బస్సు వస్తే లేచే అలకి ఆ లెక్క వర్తించదు. ఇంజిను గాలి పీల్చే నోరు బానెట్ ముందు అంచునే ఉంటుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. నీళ్లు లోపలికి పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మునిగిన బండిని చాలామంది చంపింది నీళ్లతో కాదు, స్టార్ట్ బటన్‌తో. "ఒకసారి చూద్దాం" అని నొక్కుతారు. నొక్కకండి. బ్యాటరీ వైరు తీయించి, నాలుగు చక్రాలూ పైకి లేపే ట్రక్కు మీద తెప్పించండి. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేని పాలసీలో, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిను పాడుచేసుకుంటే క్లెయిమ్ రావడం కష్టం. ఈ ఊళ్లో ఉంటూ ఆ కవర్ తీసుకోకపోవడం నాకు అర్థంకాని పొదుపు.

అపోహ: ఐదేళ్ల బండి మూడో వంతు ధరకే, ఇంతకన్నా బేరం ఉందా

నా పొట్ట నింపేది ఈ అపోహే. కోటి రూపాయల బండి ఢిల్లీలో 35 లక్షలకి దొరుకుతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండిని తిరగనివ్వరన్న భయంతో అక్కడ ముందే వదిలించుకునేవాళ్లు ఉన్నారు. బండి ధర తగ్గింది, దాని స్పేర్ పార్టు ధర తగ్గలేదు. మీరు కొన్నది 35 లక్షల బండి, పోషించాల్సింది కోటి రూపాయల బండిని.

ముందు పోయేది ఎయిర్ సస్పెన్షన్. స్ప్రింగు బదులు బండిని మోసే గాలి నింపిన రబ్బరు బెలో ఎండకి సన్నగా చిట్లుతుంది. ఆ చిన్న లీకుని పూడ్చడానికి కంప్రెసర్ పదే పదే తిరిగి అది కూడా పోతుంది. అందుకే బండి చూడటానికి సాయంత్రం వెళ్లి, పొద్దున్నే మళ్లీ వెళ్లండి. రాత్రికి ఒక మూల కూర్చుని ఉంటే అక్కడే బేరం ఆపండి. గేరుబాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మేవాళ్లు అంటారు. ఆ గేరుబాక్సుల్లో చాలావాటిని తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. ఎవరి జీవితాంతమో అడగండి.

సీటు బెల్టు మొత్తం బయటకి లాగి చూడండి, చివర మట్టి గీత ఉంటే అది మునిగిన బండి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, ఏడాది చెబుతాయి. పక్క రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకున్నాక ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, దాన్ని బేరంలో కలిపి చూసుకోండి. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి సగం డబ్బు మీదే. మొదటి ఏడాదికి నాలుగైదు లక్షలు పక్కన పెట్టలేకపోతే, కొత్త మామూలు ఎస్‌యూవీ కొనుక్కోండి అని చెబుతాను. పది మందిలో ఇద్దరు వింటారు.

అపోహ: ఇంటిల్లిపాదికీ ఇదే సౌకర్యం

సౌకర్యమే. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బటన్ నొక్కి బండిని కిందకి దించొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారికి ఆ బటన్ టర్బో కన్నా ముఖ్యం, కానీ చాలా ఇళ్లలో అది ఉందని కూడా తెలియదు. మూడో వరస ఉన్నా అది పిల్లలకే. పసిపిల్లల సీటు వెనక సీటులో అందుకోసమే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకి బిగించండి, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

బండి బుక్ చేసేముందు అపార్ట్‌మెంట్ పార్కింగ్ కొలవండి. వెడల్పు దాదాపు రెండు మీటర్లు, అద్దాలు అదనం. లిఫ్ట్ పార్కింగ్ అయితే దాని మీద రాసిన బరువు చదవండి. మొగల్రాజపురంలో ఒకాయన చదవలేదు. లిఫ్ట్ మోసేది 2,000 కిలోలు, బండి 2,200. ఆ బండి ఇప్పుడు వీధిలో వేపచెట్టు కింద ఉంటోంది. పోయిన నెల ఎలుకలు వైరింగ్ కొరికేశాయని షెడ్డుకి వచ్చింది. రిపేరు చేసి పంపాను. మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి రెండో వైపు కొరికాయి.