పాకం కుదిరితేనే మాస్కు

బరంపురంలో మా వీధి చివర బీరువాలకు స్ప్రే పెయింట్ వేసే షెడ్డు ఉంది. అక్కడ పనిచేసే కుర్రాడు ఒకరోజు తన మాస్కుకున్న గుండ్రటి డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గలగలమంది. "ఇలా చప్పుడైతే పనిచేస్తుందా అన్నయ్యా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

ఆ డబ్బాలో ఉండేది ఉత్తేజిత బొగ్గు. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆ బొగ్గుకు 800 డిగ్రీలు దాటిన వేడిలో నీటి ఆవిరి పట్టించి చేస్తారు. దాంతో ఒంటినిండా రంధ్రాలు పడతాయి. చాలావాటి వెడల్పు 2 నానోమీటర్ల లోపే. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే 25 సెంట్లు. ఇక్కడి మాటలో 25 డెసిమిల్! థిన్నర్ ఆవిరి ఆ గోడలకు అంటుకుని ఆగిపోతుంది. చేతిరుమాలు ఎన్ని మడతలు పెట్టి కట్టుకున్నా ఈ పని జరగదు.

రేణువులు వదులైతే ఒకదానికొకటి రాసుకుని పొడి అవుతాయి, కిందికి దిగిపోతాయి. పైన ఖాళీ మిగులుతుంది. గాలి బొగ్గును తప్పించుకుని అటే పోతుంది. అందుకే ఆ గలగల మంచి గుర్తు కాదు.

మరి జిగురుతో అతికిస్తే? అసలు చిక్కంతా అక్కడే. పల్చటి జిగురు రంధ్రాల్లోకి ఇంకి, ఆ 25 సెంట్లకూ తాళం వేసేస్తుంది. మరమరాల ఉండలు చుట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. లేత పాకం పోస్తే మరమరాలు మెత్తబడి ముద్దవుతాయి. ఉండ పాకమైతే గింజకు గింజ తగిలే చోటే పట్టుకుంటుంది, సందులు సందుల్లాగే ఉంటాయి.

బొగ్గును అతికించే ప్లాస్టిక్‌కూ ఆ పాకమే కావాలి. అందుకని ప్లాస్టిక్‌ను పొడిగానే బొగ్గులో కలుపుతారు. బాగా పొడవైన అణుగొలుసులున్న పాలిథిలిన్ ఇందుకు చక్కగా పనికొస్తుంది. మామూలు పాలిథిలిన్ కరిగితే పారుతుంది. ఇది 130 డిగ్రీలు దాటి కరిగినా దాదాపు పారదు, రేణువుల అంచులను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. అచ్చులో వేసి, వేడిచేసి, నొక్కి చల్లారిస్తే గాలి ఆడే గట్టి బిళ్ల తయారవుతుంది. కావాలంటే ముఖం వంపుకు తగ్గట్టూ చేసుకోవచ్చు. పాలీయురెథేన్‌తోనూ ఇలా అతికిస్తారు.

అతికించినంత మాత్రాన బొగ్గు ఆయుష్షు పెరగదు. రంధ్రాలు నిండితే డబ్బా మార్చాల్సిందే. కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ బొగ్గు ఆపలేదు, కాబట్టి జనరేటర్ పొగలో దీన్ని నమ్ముకోకూడదు.

ఆ కుర్రాడు కొత్త డబ్బా కొన్నాడు. పాతది పని లేనప్పుడు కూడా మేకుకు వేలాడుతూ, రాత్రంతా షెడ్డులోని ఆవిరి పట్టి నిండిపోతూ ఉండేది. కొత్తదాన్ని మాత్రం సాయంత్రం కాగానే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టేస్తున్నాడు.