ఒక్క బిడ్డ కోసం సీసా తెరవాలా?

మన సబ్ సెంటర్లకు వచ్చే తట్టు-రుబెల్లా టీకా సీసాలో అయిదుగురు పిల్లలకు సరిపడా మందు ఉంటుంది. పొడిలో ద్రావణం కలిపాక నాలుగు గంటలే గడువు, ఆ తర్వాత మిగిలింది పారేయాల్సిందే. ములుగు జిల్లాలో అడవి అంచున ఉన్న ఒక గూడేనికి టీకాలు వేసే నర్సు, అంటే ఏఎన్ఎం, వెళ్ళిందనుకోండి, ఆ పూట ఒక్క బిడ్డే వచ్చింది. సీసా తెరవాలా, మళ్ళీ నెల రమ్మని పంపేయాలా? తెరిస్తే స్టాక్ రిజిస్టర్‌లో నాలుగు డోసులు వృథా కింద పడతాయి. అయినా తెరవమనే మన దేశంలో నియమం, ఒక్క బిడ్డ ఉన్నా సరే. ఎందుకంటే కూలి మానుకుని వచ్చిన తల్లిని వెనక్కి పంపితే మళ్ళీ వస్తుందని చెప్పలేం, ఈలోగా వాగు పొంగితే ఏఎన్ఎం కూడా వెళ్ళలేదు, ఆ బిడ్డకు తట్టు వచ్చి న్యుమోనియాకు దారితీస్తే అయ్యే ఖర్చు ముందు నాలుగు డోసుల ధర ఏ పాటి?

ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే జీవితకాలపు ఉద్యోగంగా పెట్టుకున్న వాళ్ళు ఉన్నారు. అంటువ్యాధి ఎలా పాకుతుందో సమీకరణాల్లో రాయడం వాళ్ళ పనిలో ఒక సగం, దాన్ని ఆపడానికి ఉన్న డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ మంది బతుకుతారో తేల్చడం ఇంకో సగం. మొదటిది డిసీజ్ మోడలింగ్, రెండోది వ్యాక్సిన్ ఎకనమిక్స్. హనుమకొండ, వరంగల్‌లో లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు కొదవ లేదు, నిట్ ఇక్కడే ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఇక్కడే ఉంది, కాళోజీ పేరు మీద హెల్త్ యూనివర్సిటీ కూడా ఉంది, కానీ మ్యాథ్స్ డిగ్రీ చదివే పిల్లల్ని కదిలిస్తే సాఫ్ట్‌వేర్, బ్యాంకు పరీక్షలు, టీచర్ పోస్టు తప్ప ఇంకో మాట వినిపించదు. ఇలాంటి పని ఒకటుందని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

నిజానికి ఈ శాస్త్రానికి మన నేలతో పాత చుట్టరికమే ఉంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని అందరం చదువుకున్నాం. ఆ తర్వాత ఆయన చేసిన పనిని మాత్రం పెద్దగా ఎవరూ తలచుకోరు, నాకైతే అదే ఇంకా గొప్పగా అనిపిస్తుంది. దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక స్థాయి కిందికి దించితే మలేరియా దానంతట అదే అడుగంటుతుందని ఆయన సమీకరణాలు రాసి చూపించాడు. 1901లో రాస్‌తో పాటు సియెరా లియోన్ వెళ్ళిన మెకెండ్రిక్ అనే డాక్టర్‌కు ఈ లెక్కల పిచ్చి అంటుకుంది. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి స్కాట్లాండ్ తిరిగి వెళ్ళాక, ల్యాబ్ ప్రమాదంలో రెండు కళ్ళూ పోగొట్టుకున్న కెర్మాక్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఆయన ఒక పేపర్ రాశాడు. జనాన్ని మూడు గుంపులుగా విడదీశారు: ఇంకా సోకనివాళ్ళు, సోకి ఇతరులకు అంటించేవాళ్ళు, కోలుకున్నవాళ్ళు లేదా చనిపోయినవాళ్ళు. ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి మనుషులు ఎంత వేగంగా మారతారో రాస్తే అంటువ్యాధి ఎప్పుడు ఎగుస్తుందో, ఎప్పుడు చల్లారుతుందో వస్తుంది. తమ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాళ్ళు తీసుకున్నది 1905-06లో బొంబాయి ప్లేగు చావుల పట్టిక. ఇప్పటికీ మోడలింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆ మూడు గుంపులతోనే మొదలుపెడతారు.

అందులోంచి వచ్చే ఫలితాల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటి. ఎవరికీ రక్షణ లేని ఊళ్ళో తట్టు వచ్చిన ఒక బిడ్డ సగటున 12 నుంచి 18 మందికి అంటిస్తుంది. 18 అనుకుంటే, ఆ 18 మందిలో 17 మందికి ముందే రక్షణ ఉంటేనే ఒకరి నుంచి ఒకరికి మించి పాకదు, అంటే 94 శాతం పైచిలుకు. 12 అనుకుంటే 92 శాతం దగ్గర ఆగుతుంది. తట్టు టీకా 95 శాతం మందికి అందాలని అధికారులు పదే పదే అనడానికి మూలం ఈ చిన్న భాగహారమే.

కానీ ఆ 95 ఎక్కడి 95 అన్నదే అసలు సమస్య. జిల్లా మొత్తానికి సగటు తీస్తే అంకె బాగానే కనిపించవచ్చు. పట్నంలో అందరికీ వేసి, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల ఆవాసాల్లో సగం మందికే వేస్తే సగటు పెద్దగా కదలదు, తట్టు మాత్రం నేరుగా ఆ ఆవాసాల్లోకే పోతుంది. పైగా అక్కడి పిల్లలు వారపు సంతకు వస్తారు, రెండేళ్ళకోసారి మేడారం జాతరలో కోటి మందికి పైగా జనం కలుస్తారు. ఎవరు ఎవరిని ఎంతసేపు కలుస్తారన్న సమాచారం లేకుండా మోడల్ కట్టలేం, యూరప్‌లో సర్వే చేసి రాసుకున్న పట్టికను తెచ్చి ఇక్కడ పెడితే సంత ఉండదు, జాతర ఉండదు, పత్తి ఏరడానికి ఆటోలో కిక్కిరిసి పోయే కూలీలు ఉండరు.

ఇక్కడే ఇంకో జబ్బు సంగతి చెప్పాలి. మెదడువాపు వ్యాధి, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వరి పొలాల నీళ్ళలో పెరిగే దోమల ద్వారా వస్తుంది. చెరువులు, వరి మళ్ళు ఉన్న మన ప్రాంతానికి అది పరాయిది కాదు. వైరస్ తిరిగేది కొంగలు, పందులు, దోమల మధ్య. మనిషి రక్తంలో వైరస్ అంత ఎక్కువగా పెరగదు కాబట్టి మన నుంచి మళ్ళీ దోమకు అంటదు. దీని అర్థం ఏమిటంటే ఊళ్ళో నూటికి 95 మంది పిల్లలకు టీకా వేసినా మిగిలిన అయిదుగురికి దానివల్ల ఏ రక్షణా రాదు. తట్టు విషయంలో పొరుగు బిడ్డ టీకా మీ బిడ్డను కాపాడుతుంది, ఇందులో కాపాడదు. రెండు సూదులూ ఒకే బల్ల మీద, ఒకే రోజున వేస్తారు, లెక్కలు మాత్రం పూర్తిగా వేరు.

మోడల్ అనగానే చాలామందికి కోవిడ్ గుర్తొస్తుంది, కోపం కూడా వస్తుంది. 2020 అక్టోబర్‌లో ప్రభుత్వం వేసిన ఒక కమిటీ 2021 ఫిబ్రవరికల్లా కరోనా అదుపులోకి రావచ్చని చెప్పింది, ఏప్రిల్‌లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం ఎట్లా పరుగులు తీశారో మనం చూశాం. కొత్త వేరియంట్ వస్తే పాత అంకెలు చెల్లవు. నా ఉద్దేశంలో తేదీలు చెప్పడం ఈ శాస్త్రానికి బలహీనమైన పని. ఉన్న టీకాలు ముందు ముసలివాళ్ళకు వేస్తే ఎన్ని ప్రాణాలు, పడుచువాళ్ళకు వేస్తే ఎన్ని అని రెండు దారులను పోల్చి చూపడంలోనే దాని బలం. మంచి మోడలర్లు చేసేది ఎక్కువగా అదే, టీవీలో మాత్రం తేదీలే అడుగుతారు.

ఇక డబ్బు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చేసిన ప్రయోగం ఇందులో నాకు తెలిసిన అత్యుత్తమ పాఠం, 2010లో ప్రచురించారు. మామూలు పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతమే. ప్రతి నెలా తప్పకుండా క్యాంపు జరిగిన పల్లెల్లో అది 18 శాతం అయింది. క్యాంపుతో పాటు ప్రతి సూదికీ కిలో పప్పు, అన్నీ పూర్తయితే ఒక సెట్ స్టీలు పళ్ళాలు ఇచ్చిన చోట 39 శాతానికి చేరింది. పప్పు పంచితే ఖర్చు పెరగాలి కదా? పూర్తి టీకాలు అందిన ఒక్కో బిడ్డ మీద ఖర్చు పప్పు లేనప్పుడు 56 డాలర్లు, పప్పు ఇచ్చినప్పుడు 28. నర్సు జీతం, ప్రయాణం ఖర్చు ఎంతమంది వచ్చినా ఒకటే, ఎక్కువ మంది వస్తే అది ఎక్కువ మంది మీద పంచుకుపోతుంది. ఏఎన్ఎం సంచిలో పప్పు మూట చూసి దండగ అనుకునే అధికారికి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

అన్నిటికన్నా నన్ను కుదిపేసే కథ మాత్రం మన పక్కనే, అప్పటి ఖమ్మం జిల్లాలో జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాను 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే వేలాది అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టినట్టు బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశమంతటా హెచ్‌పీవీ అధ్యయనాలన్నీ ఆపేసింది. ఆ కోపం న్యాయమైనదే. మన పిల్ల ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో మనకు చెప్పకపోతే మంచి మందైనా ఎందుకు నమ్మాలి?

అదే సమయంలో హైదరాబాద్ సహా దేశంలో పలుచోట్ల ఇంకో వేరే అధ్యయనం నడుస్తోంది, రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూడటానికి. దాన్ని కూడా ఆపేయడంతో దాదాపు 5 వేల మంది ఆడపిల్లలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్ళను వదిలేయకుండా ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. 2021లో పదేళ్ళ ఫలితాలు వచ్చాయి: క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ దాదాపు 95 శాతం, రెండు మూడు డోసులకు ఏమాత్రం తీసిపోలేదు. మోడలర్లు, ఆర్థికవేత్తలు వెంటనే లెక్కలు వేశారు, రక్షణ 20 ఏళ్ళే ఉంటే ఎట్లా, జీవితాంతం ఉంటే ఎట్లా, మిగిలిన డోసులతో ఇంకెంతమంది పిల్లలకు వేయొచ్చు అని. కెన్యాలో జరిగిన పరీక్షలు కూడా అదే చెప్పాక 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకు పచ్చజెండా ఊపింది. రెండు డోసులు వేసే పేద దేశాలకు టీకా మందు ఖర్చు దాదాపు సగానికి దిగే దారి దొరికింది.

ఖమ్మంలో జరిగిన తప్పు ఈ ఫలితం వల్ల ఒప్పయిపోదు. కానీ ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ ఈ రెండు కథలనూ కలిపి చదవాలని నా కోరిక. మోడల్‌లో డోసు ధరకు ఒక గడి ఉంటుంది, ఎంతమంది వేయించుకుంటారన్న దానికి ఒక గడి ఉంటుంది, ఆ రెండో గడిలో పడే అంకె ఊళ్ళో నమ్మకం మీద ఆధారపడుతుంది. భద్రాచలం హాస్టల్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఆ గడిలో 90 అని తేలిగ్గా రాయరు.

ఈ దారిలోకి రావాలంటే డాక్టరే కానక్కర్లేదు. మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ డిగ్రీ చేసి, ఆర్ గానీ పైథాన్ గానీ ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, తర్వాత పబ్లిక్ హెల్త్ చదవొచ్చు. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, చెన్నైలో ఐసీఎంఆర్ వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉన్నాయి. ఏ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చాలో కేంద్రానికి సలహా ఇచ్చే ఎన్‌టాగి కమిటీకి, వైద్య ఖర్చుల మంచిచెడ్డలు తేల్చే హెచ్‌టీఏ ఇన్ ఇండియా విభాగానికి ఇలాంటి లెక్కలు చేసేవాళ్ళ అవసరం ఉంటుంది. జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, మొదట్లో కాంట్రాక్టు ఉద్యోగాలే ఎక్కువ, ఆ టెన్షన్ ఉంటుందని ముందే తెలుసుకుని రావాలి.

మొదలుపెట్టడానికి మాత్రం ఏ ఖర్చూ లేదు. కెర్మాక్, మెకెండ్రిక్ మూడు గుంపులను ఎక్సెల్‌లో మూడు కాలమ్స్‌గా వేసుకోండి, మీ మండలం జనాభా పెట్టండి, తట్టు వచ్చిన ఒక బిడ్డతో మొదలుపెట్టి రోజుకో వరుస కిందికి లాగండి. తర్వాత అదే మండలాన్ని రెండు ముక్కలు చేయండి, రోడ్డు పక్క ఊళ్ళు ఒకటి, వాగు అవతలి గూడేలు ఇంకొకటి, రెండింటి మధ్య రాకపోకలు వారానికి ఒక్క సంత రోజునే అనుకోండి. ఆ రాకపోకల దగ్గర ఏ అంకె వేయాలో తెలియక ఆగిపోతారు. అప్పుడు వెళ్ళి మీ ఊరి ఆశ వర్కర్‌ని అడగండి.