తొలి గ్రీకు తత్వవేత్తలు: అపోహలు - వాస్తవాలు

పరీక్షలు దగ్గరపడితే చాలు, డిగ్రీ పిల్లలు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఇదే అడుగుతారు: "సార్, ప్రపంచానికి మూలం ఏమిటంటే థేలీస్ నీరన్నాడు, అనాక్సిమెనీస్ గాలన్నాడు, హెరాక్లిటస్ నిప్పన్నాడు. ఇంతే కదా? అయినా ఇవన్నీ తప్పే కదా, ఎందుకు చదవాలి?"

అపోహ: జవాబులు తప్పు కాబట్టి ఆ చదువు దండగ.

వాస్తవం: జవాబు మాత్రమే బట్టీ పడితే దండగే. దానికి వాళ్లు చెప్పిన కారణమే అసలు పాఠం. క్రీ.పూ. 6వ శతాబ్దంలో భూమి నీటిమీద తేలుతోందన్నాడు మైలీటస్‌ వాడైన థేలీస్. అదే ఊళ్లో ఆయన తర్వాత వచ్చిన అనాక్సిమాండర్ ఒప్పుకోలేదు. భూమి దేనిమీదా ఆనలేదు, అన్ని వైపులకూ సమదూరంలో ఉంది, ఇక ఎటు పడుతుంది అన్నాడు. పెద్దాయన మాటను కారణం చూపించి కాదనడం! నాకు ఆ శతాబ్దమంటే అంత ఇష్టం అందుకే.

ఆ తర్వాతివాడు అనాక్సిమెనీస్. అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని పెదాలు బిగించి ఊదండి, చల్లగా తగులుతుంది. నోరు బాగా తెరిచి 'హా' అనండి, వెచ్చగా ఉంటుంది. కాబట్టి గాలి ఒత్తుకుంటే చల్లన, పలచబడితే వెచ్చన అని తేల్చాడాయన. తేల్చింది తప్పు. బిగించి ఊదిన ఊపిరి వేగంగా పోతూ చుట్టూ ఉన్న గాలిని కలుపుకుంటుంది, అందుకే ఆ చల్లదనం. కానీ ఆ తప్పును పట్టుకోవడానికి మీ చెయ్యి చాలు. ఒకసారి క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి, "చెయ్యి దూరం జరిపితే 'హా' అన్నా చల్లగానే ఉంది సార్" అంది. ఆ రోజు మిగతా పాఠమంతా ఆ మాట మీదే నడిచింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వీళ్లంతా నాస్తికులా? అన్నిటా దేవుళ్లు నిండి ఉన్నారని థేలీస్ అన్నట్టు అరిస్టాటిల్ రాశాడు. అంతా ఏథెన్స్‌లో మొదలైందా? మైలీటస్ ఉన్నది నేటి టర్కీలో. పైథాగరస్ సిద్ధాంతం ఆయనతోనే పుట్టిందా? అంతకు వెయ్యేళ్ల ముందే బాబిలోన్ వాళ్లకు తెలుసు, యజ్ఞవేదికల కొలతలు చెప్పే మన బౌధాయన శుల్బసూత్రంలోనూ ఉంది. ఇక "గ్రీకులు మొత్తం మన దగ్గరే కొట్టేశారు" అనే వాట్సాప్ ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు ముందు ఆధారం పంపండి.

టెన్షన్ పడుతున్న పిల్లలకు ఒక మాట. ఈ మైలీటస్ వాళ్ల పుస్తకం ఒక్కటీ మిగల్లేదు, తర్వాతివాళ్లు ఎత్తి రాసిన ముక్కలే ఉన్నాయి. చదవాల్సింది కొంచెమే. ఒక్కో పేరు పక్కన, ముందువాడితో ఎక్కడ విభేదించాడో, ఎందుకో రెండు వాక్యాలు రాసుకుని రండి. మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం.