స్ట్రోలర్ కొనబోయే కాబోయే నాన్నలకు: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పిల్లల సామాన్ల షాపులో పదకొండేళ్లుగా స్ట్రోలర్లు, అంటే పసిపిల్లల్ని పెట్టి తోసుకెళ్లే బండ్లు, అమ్ముతున్నాను. ఎనిమిదో నెల రాగానే కాబోయే నాన్నలు ఒక్కరే గానీ, బావమరిదిని వెంటబెట్టుకుని గానీ వస్తారు, ఫోన్‌లో ఇరవై స్క్రీన్‌షాట్లు, మొహం నిండా టెన్షన్. వాళ్ల నోట రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను, మా ఓనర్ చూడకపోతే బాగుండు.

అపోహ: పాప పుట్టే రోజుకి బండి ఇంట్లో ఉండాలి.

ఎందుకండీ? మనవైపు తొలి పురుడు మామూలుగా పుట్టింట్లోనే కదా. తల్లీబిడ్డలు మీ ఇంటికి వచ్చేసరికి మూడో నెలో ఐదో నెలో అవుతుంది. అన్నాళ్లూ అక్కడ ఊయల ఉంటుంది, అమ్మమ్మ ఒడి ఉంటుంది. ఇక్కడ మీ హాల్లో బండి అట్టపెట్టెలోనే కూర్చుని వారంటీ కరిగిపోతుంది. పుట్టకముందే ఏమీ కొనకూడదని మీ అమ్మగారు అంటే వాదన పెట్టుకోకండి, ఆవిడ చెప్పే కారణం వేరైనా లెక్క మాత్రం సరిపోతుంది.

అపోహ: ఏ బండైనా పసిపిల్లలకి పనికొస్తుంది, వెనక చిన్న దిండు పెడితే సరి.

ఇదొక్కటీ జాగ్రత్తగా చదవండి. పిల్లలకి మెడ నిలబడటానికి నాలుగో నెల దాకా, ఆసరా లేకుండా కూర్చోవడానికి సుమారు ఆరో నెల దాకా పడుతుంది. అప్పటివరకు సీటు పరుపులా దాదాపు పూర్తిగా వాలాలి. సీటు నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి సరిగ్గా ఆడదు, దిండు పెడితే ఆ తలను ఇంకా ముందుకు తోసినట్టే. గొడుగులా మడిచే తేలిక బండ్లు చాలావాటిలో అంత వాలు రాదు. ఆ మడత 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీర్ ఆలోచన, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన మనిషి ఆయన. ప్రయాణాలకి దాన్ని మించింది లేదు, కానీ కాస్త పెద్దయిన పిల్లలకి. మడత దగ్గర ఇంకో సంగతి, 2009లో అమెరికాలో ఈ రకం బండ్లు దాదాపు పది లక్షలు వెనక్కి పిలిపించారు, కీలు మధ్య పిల్లల వేళ్ల కొసలు నలిగి తెగిపోయినందుకు. బండి విప్పేటప్పుడు, మూసేటప్పుడు పిల్లని దూరంగా ఉంచండి.

అపోహ: షాపులో తోసి చూశాను, వెన్నలా వెళ్తోంది.

టైల్స్ మీద, అదీ ఖాళీ బండి, వెళ్లక ఏం చేస్తుంది! కౌంటర్ వెనక ఐదు కిలోల బియ్యం సంచి పెట్టుకుని ఉంటాను, అది సీట్లో పెట్టి, బయట రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఒక్క చేత్తో తోయమంటాను. చిన్న చక్రాలు మన గుంతల్లో, ఫుట్‌పాత్ అంచుల్లో ఇరుక్కుంటాయి. తర్వాత ఒక్క చేత్తో మడవమంటాను, అక్కడ చాలామంది నవ్వేస్తారు. వచ్చే ముందు మీ లిఫ్ట్ తలుపు, కారు డిక్కీ టేపుతో కొలిచి రండి. కారులో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే డిక్కీలో మిగిలిన చోటు మాత్రమే కొలవండి.

అపోహ: ఎండ తగలకుండా పైన పల్చటి చున్నీ కప్పితే చాలు.

గాలి ఆగిపోయి లోపల కొలిమి అవుతుంది. 2014లో స్వీడన్‌లో ఒక పత్రిక కొలిచి చూస్తే, గుడ్డ కప్పాక అరగంటలో బండి లోపల వేడి 22 డిగ్రీల నుంచి 34కి చేరింది. అది స్వీడన్ సంగతి, బెజవాడలో మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. టాప్ వేసి, పక్కలు తెరిచి ఉంచండి, ఎండపూట అసలు బయటికి తీసుకెళ్లకండి.

అపోహ: కూరగాయల సంచులు హ్యాండిల్‌కి తగిలించుకోవచ్చు.

బరువు వెనక్కి లాగి, పిల్లతో సహా బండి వెల్లకిలా పడుతుంది. కింద బుట్ట ఉన్నది అందుకే.

అపోహ: స్ట్రోలర్ సీటు కారులో పెట్టేస్తే కారు సీటైపోతుంది.

కాదు. కారుకి వేరే సీటు కావాలి, రెండింటికీ సరిపోయేలా జతగా అమ్మేవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పిల్లల్ని తగిన బెల్టో సీటో లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా.

చివరికి అందరూ అడిగేది, ఖరీదైనదే మంచిదా అని. ధర సగం పేరుకీ రంగుకీ పోతుంది. నేనైతే బ్రేకు తొక్కి చూస్తాను, తర్వాత బెల్టు చూస్తాను, భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి, మొత్తం ఐదు చోట్ల పట్టాలి. మూడు చోట్లే పట్టే బండ్లు మా షాపులోనూ రెండున్నాయి. అడిగితే చూపిస్తాను గానీ, కొనమని మాత్రం చెప్పను.